వీపు చూసి రాసిన వంశం

ఒక పెద్ద అడవిలో, వాగులన్నీ ఎండిపోయిన ఏడు, ఎవరు ఎవరికి చుట్టమో తేల్చడానికి ఒక కార్యాలయం వెలిసింది.

అంతకుముందు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నీళ్ళు ఒక్క మడుగులోనే మిగిలేసరికి పట్టింది. ఎవరు ఏ పూట తాగాలో వంతులు వేయాలి. వంతులు వేయాలంటే వర్గాలుండాలి. వర్గాలు చేయాలంటే పండితుడుండాలి. పండితుడంటే అందరికీ గుర్తొచ్చింది కొండముచ్చు ఆచార్యులవారే. నల్లటి మొహం, తెల్లటి జుట్టు, నిదానమైన మాట. ఆయనకేం తెలుసో ఎవరూ అడగలేదు. ఎత్తులో కూర్చుంటారని మాత్రం అందరూ చూశారు.

ఆచార్యులవారికి చెట్టు దిగే అలవాటు లేదు. నేలమీద దుమ్ము, దుమ్ములో నెత్తురు పీల్చే గోమార్లు. అందుకని దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు మద్దిచెట్టు కింద వీపు పైకి పెట్టి కదలకుండా నిలబడాలని నియమం పెట్టారు. ఆయన పైనుంచి చూసేవారు. చారలుంటే చారల వర్గం, మచ్చలుంటే మచ్చల వర్గం, ఉత్త బొచ్చయితే బొచ్చు వర్గం, ఈకలుంటే ఈకల వర్గం, పొలుసులుంటే పొలుసుల వర్గం. పక్కకొమ్మ మీద గోరింక గుమాస్తా ఆ మాటని గట్టిగా పలికి, మద్ది ఆకుమీద ముక్కుతో పొడిచేది. ఒకసారి పొడిచిందంటే ఇక తిరుగులేదు.

ఈ పని మొదలైన రోజునే పులిదొర ఒక శాసనం చేశాడు. "ఒకే వర్గంలోవాళ్ళు ఒకరినొకరు తినకూడదు."

అడవంతా చప్పట్లు కొట్టింది. ఎంత దయ, ఎంత ధర్మం అన్నారు. పులిదొర లెక్క వేరు. చారలున్నది తనొక్కడికే అనుకున్నాడు. మచ్చల వర్గంలో చిరుతతో పాటు దుప్పులన్నీ పడతాయని ముందే చూసుకున్నాడు. దుప్పిని తినకపోతే చిరుత ఎన్నాళ్ళు బతుకుతుంది? పోటీ లేకుండా పోతుంది. చట్టమంటే అలా ఉండాలి.

వారం తిరక్కుండా ఉడుత ఒకటి వచ్చి మద్దిచెట్టు కింద వీపు చూపించి నిలబడింది. వీపుమీద మూడు చారలు.

"చారల వర్గం" అన్నారు ఆచార్యులవారు. గోరింక పొడిచింది.

ఆ పూటనుంచి పులిదొర నీళ్ళు తాగుతుంటే ఉడుత వచ్చి పక్కనే మూతి కడుక్కునేది. "ఏం అన్నయ్యా, ఇవాళ మనవాళ్ళెవరూ కనపళ్ళేదే?" అని పలకరించేది.

ఈ గొడవలేవీ కోటమ్మకు తెలియవు.

కోటమ్మ అలుగు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, నోట్లో ఒక్క పన్ను కూడా లేదు, చీమలూ చెదలూ తప్ప ఇంకోటి తినదు. ఆమెది ఈ అడవి కాదు. రెండు కొండల అవతల వాళ్ళ గుట్టని మనుషులు రాళ్ళకోసం పేలుస్తుంటే, కడుపులో బిడ్డతో నడిచొచ్చింది. ఆ బిడ్డ పేరు బంతి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోయేది. భయం లేనప్పుడు తల్లి తోకమీద బోర్లా పడుకుని అడవంతా తిరిగేది.

తన జాతివాళ్ళు ఇంకొకరు లేని చోట పిల్లని పెంచడమంటే కోటమ్మకి గుండెలమీద కుంపటిలా ఉండేది. ఏది ఎలా చేయాలో అడగడానికి అమ్మ లేదు, అత్త లేదు. చీమలపుట్ట కనిపిస్తే తాను ముందు తిని, కాసేపు ఆగి, కడుపులో నొప్పి రాలేదని తేలాకే పిల్లకి చూపించేది. బొరియ గుమ్మం మూశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకునేది. ఎవరైనా ఏదైనా నియమం చెబితే ఇక అంతే. పరాయి చోట ఉంటున్నాం, మనవల్ల మాట రాకూడదు అనేది.

కాబట్టి కార్యాలయం సంగతి వినగానే మొదటి వరసలో బయల్దేరింది. అలుగులు పగలు పడుకునే జీవులు. కార్యాలయం మాత్రం పగలే తెరుస్తారు. కళ్ళు మండుతుంటే పిల్లని తోకమీద వేసుకుని నడిచింది.

పక్క బొరియలో ముళ్ళపంది సూరమ్మ తల బయటపెట్టింది. "ఎక్కడికి వదినా, ఈ ఎండలో?"

"పేరు రాయించుకోవాలట కదా. నువ్వు రావూ?"

"నాకేం పని? వాళ్ళకి నేను కావాలంటే వాళ్ళే వస్తారు. వస్తే వెనక్కి తిరుగుతాను. ముళ్ళు లెక్కపెట్టుకుని పోతారు."

"తప్పు వదినా. రాయించుకోకపోతే రేపు పిల్లకి ఇబ్బంది."

"రాయించుకున్నాకే ఇబ్బంది చూశాను నేను" అని సూరమ్మ లోపలికి పోయింది.

మద్దిచెట్టు కింద కోటమ్మ నిలబడింది. ఆచార్యులవారు పైనుంచి ఒక్క చూపు చూశారు. "పొలుసుల వర్గం."

కోటమ్మ తల ఎత్తింది. "అయ్యా, ఒక్క మనవి. నేను పిల్లకి పాలిస్తానండీ. పొట్టకింద బొచ్చు కూడా ఉంది. ఒక్కసారి ఇటు తిరిగి చూపిస్తాను..."

"వీపు పైకి!" అని అరిచింది గోరింక.

"పొట్ట చూసే పద్ధతి ఈ కార్యాలయంలో లేదమ్మా. వీపు అందరికీ ఉంటుంది. అందుకే వీపు శాస్త్రం. పొట్టలు చూడ్డం మొదలుపెడితే నేను చెట్టు దిగాలి" అన్నారు ఆచార్యులవారు ఎంతో ఓపిగ్గా.

గోరింక పొడిచింది. పొడిచిన ఆకుతో పాటు పొలుసుల వర్గం నియమావళి కూడా ఇచ్చింది. ఆ వర్గంలో అందరికంటే ముందొచ్చి పేరు రాయించుకున్నది ఉడుము భద్రయ్య. అతను చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టారు. మూడో నియమం దగ్గర కోటమ్మ ఆగిపోయింది.

"పిల్లలు పుట్టిననాటినుంచే స్వతంత్రులు. తల్లితో కలిసి ఉండరాదు. అమావాస్యలోగా వేరుపడి ఇసుకదిబ్బకు చేరవలెను."

కోటమ్మ ఆ ఆకుని మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదవడానికి కళ్ళు కనిపించలేదు.

సాయంత్రం భద్రయ్య స్వయంగా వచ్చాడు, కొత్త చుట్టాన్ని పలకరించడానికి. "ఏం చెల్లెమ్మా, మన వర్గంలో చేరావని విన్నాను. సంతోషం. సంఖ్య పెరగాలి మనది. ఇదేనా పిల్ల? ఇంకా తోకమీదే ఉందేంటి?"

"పాలు తాగే పిల్లండీ అన్నగారూ."

"పాలంటే?"

కోటమ్మ చెప్పింది. భద్రయ్య నాలుక రెండుసార్లు బయటికి పోయి లోపలికి వచ్చింది. "ఛీ ఛీ. పైకి అనకు ఎక్కడా. చూడు చెల్లెమ్మా, మా అమ్మ గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ మొహం నేను చూళ్ళేదు. ఇదుగో, చెడిపోయానా? నలుగురిలో పెద్దమనిషినయ్యాను. ఇంత గారాబం చేస్తే పిల్ల దేనికీ పనికిరాదు."

అతను వెళ్ళాక బంతి అడిగింది. "అమ్మా, ఇసుకదిబ్బ మీద చీమలుంటాయా?"

"ఉంటాయి."

"నువ్వు ముందు తిని చూశావా?"

మర్నాడు కోటమ్మ కళ్ళు మండుతున్నా లేచి మళ్ళీ మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ప్రతిరోజూ అదే మాట, అదే మర్యాద. "అయ్యా, తప్పుంటే క్షమించండి. పొట్ట ఒక్కసారి చూడండి." తిట్టడం ఆమెకు రాదు. వరస దాటి ముందుకు పోవడమూ రాదు.

ఆరోరోజున పులిదొర కూడా అక్కడికే వచ్చాడు, మీసాలు ఎగరేసుకుంటూ. "ఏమయ్యా పండితుడా, నాకూ ఆ ఉడుతకూ చుట్టరికమేంటి?"

ఆచార్యులవారు తోక సర్దుకున్నారు. తప్పయిందంటే పోయేది శాస్త్రం. తప్పు కాదంటే పోయేది తోక. "దొరా, వీపు శాస్త్రం అబద్ధం చెప్పదు. అయినా తమకు సందేహం ఉంటే నెత్తురు పరీక్ష చేయిద్దాం. అందులో తమ వంశం అందరికంటే పైన, విడిగా ఉందని నలుగురిముందూ తేలుతుంది."

"పైన, విడిగా" అన్నమాట పులిదొరకి నచ్చింది.

కింద నిలబడ్డ కోటమ్మ నెమ్మదిగా అంది. "అయ్యా, ఆ పరీక్షలోనే నాదీ..."

"ఎవరది?" అన్నాడు పులిదొర.

"రోజూ వచ్చే దరఖాస్తు, దొరా" అంది గోరింక.

"దీన్నీ కలపండి. రోజూ వినలేకపోతున్నట్టున్నారు" అన్నాడు పులిదొర. ఆ పూట ఆయన మనసు బాగుంది.

నెత్తురు పరీక్షంటే అడవిలో ఒక్కడే దిక్కు. మడుగు ఒడ్డున తడిరాయి మీదుండే జలగ అప్పన్న. వాడు రుచి చూడని నెత్తురు ఆ అడవిలో లేదు. చదువుకోలేదు, పదవి లేదు, ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఎవరి రుచి ఎవరికి దగ్గరో మాత్రం నాలుకమీద ఉండేది.

అప్పన్న నాలుగు రోజులు అందరి దగ్గరా చుక్క చుక్క తీసుకున్నాడు. కోటమ్మ దగ్గరికి వచ్చినప్పుడు పొలుసుల సందున చోటు దొరక్క, "కొంచెం పొట్ట ఇటు తిప్పమ్మా" అన్నాడు.

కోటమ్మకి ఏడుపొచ్చినంత పనయింది. "చూస్తావా అయ్యా?"

"నేను ఎవరినైనా కిందినుంచే చూస్తానమ్మా" అన్నాడు అప్పన్న. "పొలుసులదేముంది. బొచ్చయినా గోరయినా నీ పొలుసయినా ఒకే సరుకు. ఎవరికి ఏ పని పడితే అలా గట్టిపడింది. వేసుకున్నదాన్ని బట్టి వంశం చెబుతారా ఎక్కడైనా?"

ఐదోరోజు పొద్దున జంతువులన్నీ మడుగు దగ్గర చేరాయి. అప్పన్న బురదలో ఒళ్ళీడుస్తూ ఒక చెట్టు బొమ్మ గీశాడు. ఒక మొదలు, దానికి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు.

"ముందు నా సంగతి చెప్పు. ఆ ఉడుత నాకేమవుతుంది?" అన్నాడు పులిదొర.

"తమకన్నా ఆచార్యులవారికి దగ్గర చుట్టం దొరా."

చెట్టుమీద ఆచార్యులవారికి పట్టు తప్పి, కింది కొమ్మ ఆసరా అయింది. ఉడుత ఆయనవైపు తిరిగి, "నమస్కారం పెదనాన్నా" అంది.

పులిదొర మీసం దువ్వుకున్నాడు. "నాకు దగ్గరెవరు?"

"చిరుత తమకు సొంత తమ్ముడికింద లెక్క. రేచుకుక్కా ఎలుగూ దాయాదులు. తమరంతా ఒకే కొమ్మ. ఆ కొమ్మని ఆనుకుని పక్కనే మొలిచిన కొమ్మ ఎవరిదంటే..." అప్పన్న తలెత్తి గుంపు చివరికి చూపించాడు. "అదుగో, పిల్లని తోకమీద పెట్టుకున్న ఆ కోటమ్మది. తాతల తాతలనాడు మీ ఇద్దరికీ ఒక్కతే తల్లి."

ముందుగా తేరుకున్నది భద్రయ్య. "అదెలా? ఆమె నాకు చెల్లెలు కాదూ? పొలుసులున్నాయిగా!"

"నీకు ఈమెకన్నా ఆ నెమలి దగ్గర."

నెమలి ఒక్క కేక పెట్టి ఎగిరిపోయింది.

"సరే సరే. అందరికంటే పైన ఉన్నదెవరో చెప్పు. దానికోసమే వచ్చాను" అన్నాడు పులిదొర.

అప్పన్న తన బొమ్మవైపు చూసుకున్నాడు. "పైన ఎవరూ లేరు దొరా. ఇవాళ బతికున్నవాళ్ళందరం కొమ్మ చివర్లమే. కొన్ని కొమ్మలు ముందు చీలాయి, కొన్ని తర్వాత. కిందికి పోతే అన్నీ ఒకే మొదలు. దుప్పీ తమ చుట్టమే, కొంచెం దూరం. కప్పా చుట్టమే, ఇంకొంచెం దూరం. నేను మరీ దూరం."

గుంపులో ఒక కుర్ర దుప్పికి చట్టం గుర్తొచ్చింది. చుట్టాన్ని చుట్టం తినకూడదు కదా! అది గంతేసి ముందుకొచ్చి, "బాబాయ్!" అని పిలిచింది. వెనకాల కుందేళ్ళన్నీ, "మావయ్యా!" అన్నాయి. అడవిపంది ఏ వరస కలుపుకోవాలో తెలియక, "దొరవారూ, తమరికి ఏమవుతానో కూడా రాయించండి" అంది.

పులిదొర చేసిన చట్టం. పులిదొర పెట్టించిన పరీక్ష. నలుగురిముందూ తేలిన చుట్టరికం. ఆయన లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఎటు చూసినా చుట్టాలే. ఎదురొచ్చి క్షేమం అడిగారు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పారు. నాలుగోరోజుకి ఆయన కడుపు వెన్నుకి అంటుకుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం అత్యవసర సమావేశం జరిగింది. హాజరైనవాళ్ళు పులిదొర, చిరుత, ఎలుగు, రేచుకుక్క; తమ కొమ్మకి పంజా వర్గమని పేరు పెట్టుకున్నారు. తీర్మానం ఆచార్యులవారు రాయించారు. "చుట్టరికము సత్యమే. అయితే పరిపాలనా సౌలభ్యము నిమిత్తము, చుట్టరికమును పంజా వర్గమునకు ఆనుకొని ఉన్న మొదటి కొమ్మ దగ్గర ఆపివేయడమైనది."

బాబాయ్ అని పిలిచిన దుప్పి మర్నాడు ఎక్కడా కనిపించలేదు.

ఆ మొదటి కొమ్మ కోటమ్మది కాబట్టి ఆమె నిలిచింది. కొత్త ఆకు వచ్చింది: పంజా వర్గం. కోటమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. నిజం చెబుతూ ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు వింటారు అనుకుంది. బంతిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నియమావళి చదవడం మొదలుపెట్టింది. మొదటి నియమం, పిల్లలు తల్లిదగ్గరే పెరుగుతారు. బంతి అమ్మ పొట్టలో తల దూర్చింది. రెండోది బాగానే ఉంది. ఐదో నియమం ఇలా ఉంది.

"పాలు మాను వయసు దగ్గరపడిన పిల్లలకు వేట నేర్పవలెను. దగ్గరి చుట్టాల పిల్లలను దొరవారి గుహలో, దొరవారి పిల్లలతో కలిపి పెంచెదరు. అమావాస్యనాడు వచ్చి తీసుకుపోయెదరు."

కోటమ్మ పరుగున మద్దిచెట్టు దగ్గరికి పోయింది. "అయ్యా, మాకు పళ్ళు లేవండీ! నోరు చూడండి, ఒక్కటి కూడా లేదు. వేటేమిటండీ?"

ఆచార్యులవారు నవ్వారు. "పంజా వర్గం పళ్ళున్న వర్గమమ్మా. ఆ వర్గంలో ఉన్నావు కనుక పళ్ళున్నట్టే లెక్క. దొరగారి గుహలో చదువంటే మాటలా! ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా నీ అదృష్టం చూసి?"

"దొరగారి పిల్లలు నా పిల్లని..."

"తినరు. చట్టం ఉంది కదా. ఆడుకుంటారు, అంతే."

పులిపిల్లలు ఎలా ఆడుకుంటాయో కోటమ్మ ఒకసారి చూసింది. తాబేలుతో ఆడుకున్నాయి. పూర్తిగా చూడలేక మధ్యలో వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి సూరమ్మ గుమ్మంలో ఉంది. ఈసారి ఎత్తిపొడవలేదు. "ఏం చేస్తావు వదినా?"

"ఏం చేయను? పేరు పిలిస్తే పలకాలి కదా. పలకకపోతే అబద్ధమాడినట్టు."

"పలకడం నీకు బాగా వచ్చు. పలకకుండా ఉండడం ఒక్కసారి ప్రయత్నించు" అంది సూరమ్మ.

అమావాస్యనాడు పొద్దున్నే వచ్చారు. ఆచార్యులవారు చెట్టుమీదినుంచి చెట్టుమీదికి, గోరింక ఆయన పక్కన, నేలమీద దొరవారి తరఫున ఇద్దరు రేచుకుక్కలు. బొరియ బయట బంతికి పాలిస్తూ కూర్చున్న కోటమ్మకి ఆ అడుగుల చప్పుడు వినిపించింది. లోపలికి పోవడానికి వ్యవధి లేదు. పిల్లని పొట్టలోకి లాక్కుంది. తల లోపలికి దించింది. తోకని చుట్టూ తిప్పి బిగించింది.

"అలుగు కోటమ్మా!" అని పిలిచింది గోరింక.

పుట్టి బుద్ధెరిగాక పేరు పిలిస్తే పలకకుండా ఉండడం కోటమ్మకి అదే మొదటిసారి. నాలుక చివరికి వచ్చిన మాటని బలవంతాన మింగింది.

"అలుగు కోటమ్మా! పంజా వర్గం! పిల్ల ఒకటి!"

లోపల చీకట్లో బంతి గుసగుసగా అడిగింది. "అమ్మా, నిన్నే పిలుస్తున్నారు. పలకవూ?"

కోటమ్మ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. "ఊరుకో తల్లీ."

రేచుకుక్క ఒకడు వచ్చి వాసన చూశాడు, మూతితో నెట్టాడు. గట్టిగా, గుండ్రంగా ఉన్నది కొంచెం దొర్లి ఆగిపోయింది. "అయ్యా, ఇదే అనుకుంటానండీ" అన్నాడు పైకి చూసి.

"అనుకోవడాలు శాస్త్రంలో లేవు. నన్ను చూడనీ" అన్నారు ఆచార్యులవారు. కొమ్మమీదినుంచి ఒంగి చూశారు. తల లేదు, కాళ్ళు లేవు, పిల్ల లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, వీపు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. వీపు లేనిదానికి వర్గం ఉండదు.

"బండరాయి" అన్నారు.

"నిన్న ఇక్కడ రాయి లేదండీ" అంది గోరింక.

"అయితే కొండమీదినుంచి దొర్లి వచ్చుంటుంది. రాయి."

"మరి అందులోంచి పాలవాసన వస్తోందండీ" అన్నాడు రేచుకుక్క.

"దిగి చూడమంటావా నన్ను?" అన్నారు ఆచార్యులవారు. గోమార్లు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది ఆయనకి. "రాయి అంటే రాయి. రాసుకో."

గోరింక పొడిచింది. ఒకసారి పొడిచిందంటే ఇక తిరుగులేదు.

ఆ అడవిలో రాళ్ళకి నియమావళి ఇంకా రాయలేదు. అవి ఏ పూట తాగాలో, ఎవరిని తినకూడదో, పిల్లలతో కలిసి ఉండొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. వాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా కోటమ్మ చాలాసేపు విప్పుకోలేదు. మూడుసార్లు చెవి ఒగ్గి విన్నది. ఆ తర్వాతే పిల్లకి మళ్ళీ పాలిచ్చింది.

నీతి: ఎవరి చుట్టానివో తేలేదాకా నిజం చెప్పు, తేలాక మాత్రం రాయిలా పడుండు.